ఉత్తరం వైపు తల

మెల్టన్ అవతల, ఇంకా పేరు పెట్టని వీధిలో
నలభై రెండు ఇళ్ళకు పునాదులు.
గడ్డి మీద మంచు, బూట్లకు బంకమట్టి.
కరెంటు స్తంభం రావడానికి ఇంకా ఏడు నెలలట.
అందాకా మాకు దిక్కు
గేటు పక్కనున్న డీజిల్ జనరేటర్.
పొద్దున ఆరున్నరకు లేపితే
చీకటి పడేదాకా ఒకటే గొణుగుడు.

జ్లాట్కో, మా మేస్త్రి,
ముప్ఫై ఏళ్ళు దాని పక్కన నిలబడి అరిచిన మనిషి.
ఇంటికెళ్ళినా ఆ గొంతు దిగదు.
ఫోన్లో మనవరాలితో కూడా
కాంక్రీటు లారీని వెనక్కి రమ్మన్నట్టే మాట్లాడతాడు.

మే నెల రెండో సోమవారం
ట్రాలీ మీద వచ్చాయి పలకలు, పన్నెండు.
బడి తెరిచిన మొదటి రోజు పలకల్లా
నల్లగా, ఒక్క గీతైనా లేకుండా.
వెనకాలే ఫ్రిజ్ అంత బ్యాటరీ పెట్టె.
వైర్లు తెలిసినదాన్ని కనక పరిచే పని నాది.

"ఎటు పెట్టాలి, వకూ?" అన్నాడు టవీటా.
"ఉత్తరానికి" అని, నాలుక కరుచుకున్నాను.
ఉత్తరం వైపు తల పెట్టి పడుకుంటే
మా నాయనమ్మ నిద్రలోనే పట్టుకుని తిప్పేసేది.
ఇక్కడ సూర్యుడు నడిచేది ఆ వైపునే.
ఆవిడ శాస్త్రం భూమధ్యరేఖ దాకా రాలేదు.
ఒక్కొక్క పలకనూ గడ్డి మీద
ఉత్తరానికి ముఖం తిప్పి పడుకోబెట్టాను,
ఎవరైనా చూస్తున్నారేమో అన్నట్టు.

పదకొండింటికి జనరేటర్ ఆపేశాను.
రంపం ఆగలేదు. డ్రిల్లు ఆగలేదు.
ఆ గొణుగుడు ఒక్కటే ఆగింది.
పెళ్ళివారు వెళ్ళిపోయిన విడిదిలా
కాసేపు ఎవరికీ ఏం తోచలేదు.
తర్వాత మెల్లగా బయటికొచ్చాయి,
మేకు చెక్కలోకి దిగేటప్పటి మూలుగు,
టార్పాలిన్ అంచున నీటి చుక్క,
కాంక్రీటు నునుపు చేస్తూ టవీటా పాడుకునే చర్చి పాట.
రెండేళ్ళుగా పాడుతున్నాడట!
పెదాలు కదులుతుంటే
చూయింగ్ గమ్ అనుకున్నాను ఇన్నాళ్ళూ.

"ఆ మూడో ఫ్రేము ఎవడు బిగించాడు!" జ్లాట్కో అరిచాడు.
అరుపు పునాదులన్నీ తిరిగి
అతని దగ్గరికే వచ్చింది.
తన గొంతు తనకి వినపడింది కాబోలు,
తర్వాతి మాట ఎంత చిన్నగా అన్నాడంటే
కుర్రాళ్ళు దగ్గరికి నడిచి వెళ్ళాల్సొచ్చింది.

అంతా ఇలాగే సాగిందని చెప్పను.
జూన్‌లో నాలుగు రోజులు మబ్బు దుప్పటి తీయలేదు.
బుధవారం మధ్యాహ్నానికి బ్యాటరీ పదకొండు శాతం.
కోత మిషనా, టీ కెటిలా?
కెటిలే గెలిచింది.
గురువారం పొద్దున అప్పు అడగడానికి వెళ్ళినట్టు వెళ్ళి
జనరేటర్ తాళం తిప్పాను.
"నే చెప్పలా?" అంటాడనుకున్నాను జ్లాట్కో.
రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు,
ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి.

ఇంకో సంగతి.
మంగళవారం మంగళవారం డీజిల్ తెచ్చే గారెత్
ఆ నెలాఖరున ట్యాంకులోకి తొంగి చూసి
"ఇంకా నిండుగానే ఉందే" అన్నాడు.
మంచి వార్తలా అనబోయి, అనలేకపోయాడు.
టీ ఇచ్చాను. నిలబడే తాగి వెళ్ళాడు.
ఎన్ని లీటర్లు మిగిలాయో మీటరు చెబుతుంది.
గారెత్ మంగళవారాలకి మీటరు లేదు.

డిసెంబరులో స్తంభం వచ్చింది.
పలకలు మడిచి, ట్రాలీ ఎక్కించి
రాక్‌బ్యాంక్ సైటుకి పంపేశాం.
అవి పడుకున్న చోట గడ్డి
పాలిపోయి, పన్నెండు గళ్ళు.
జ్లాట్కో వాటిని తొక్కకుండా
చుట్టూ తిరుగుతున్నాడు, చెవి దగ్గర ఫోను.
స్పీకర్లో మనవరాలి గొంతు నాక్కూడా వినిపిస్తోంది.
"గట్టిగా మాట్లాడు తాతా,
నీ మాట వినపడట్లేదు."